ఆట రాకపోవడమే ఉద్యోగం

వీడియో గేములు తయారుచేసే ఆ కార్యాలయంలో అందరికీ ఏదో ఒక విద్య బాగా వచ్చు కనుక ఉద్యోగం ఇచ్చారు. కొత్తమ్మకు మాత్రం ఆట రాదు కనుక ఇచ్చారు. ఆ మాట ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. పైగా నవ్వుతూ తానే చెప్పుకొనేది. ఆమె దాచినది మరొకటి. కొంతకాలంగా ఆమెకు ఆట వచ్చు.

ఆమె అసలు వృత్తి కుట్టుపని. శబ్దాలు రికార్డు చేసే గదికి మందపాటి నల్లతెరలు కుట్టడానికి వచ్చి కొలతలు తీసుకొంటుండగా, ఎవరో సరదాకు ఆమె చేతిలో, బటన్లు నొక్కి ఆట ఆడించే కంట్రోలర్ పెట్టారు. ఎదుట తెరమీద ఒక ఉడత. దాన్ని గెంతిస్తూ గుంటలు దాటించాలి. ఆ గెంతే ఉడత ఆటలే ఆ సంస్థకు పేరు తెచ్చినవి. భాగం వెంట భాగంగా వెలువడి పిల్లల బొటనవేళ్ళకు కాయలు కాయించినవి. కొత్తమ్మ చేతిలో ఆ ఉడత మొదటి గుంటలోనే పడింది. మళ్ళీ పడింది. మూడోసారి కొత్తమ్మ కూడా కుర్చీలోంచి దానితోపాటు గెంతింది, అయినా పడింది. చుట్టూ చేరినవారు పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే. ఆటలకు రూపకల్పన చేసే ఆ పెద్దమనిషిని అందరూ సారు అనేవారు.

"నవ్వింది చాలు. మన గుంటలు మనకి కనపడవు, ఈవిడకి కనపడుతున్నాయి" అని, ఆయన ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, తెరల పని అయ్యాక కూడా వస్తారా? ఇలాగే పడాలి. అంతే పని."

అప్పటికే ఆయన మనసులో కొత్త ఆట ఒకటి మెదులుతున్నది. అదే ఉడత, అదే అడవి. కాని ఈసారి గెంతులకు బదులు కథ. ఉడతకు తోడుగా ఒక నత్త, దారికి అడ్డంగా శత్రువులు, వారితో వంతులవారీ పోరు. వాడొక దెబ్బ, మనమొక దెబ్బ, నడుమ ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక. పాత్రలను వెంటబెట్టుకొని సాగే ఇటువంటి ఆటను జన్మలో ముట్టనివారు, పిల్లల పక్కన కూర్చొని చూడడమే తప్ప ఎన్నడూ ఆడనివారు, భయం లేకుండా మొదలుపెట్టగల ఆట కావాలని ఆయన పట్టుదల.

అందుకోసం ఒక గాజుగదిని ఏర్పాటుచేశారు. లోపల తెర, కుర్చీ, కొత్తమ్మ, వెలుపల తక్కినవారు. లోపల ఆడే మనిషికి వెలుపలివారు ఒక్క మాటయినా అందించరాదన్నది నియమం. ఆడే మనిషి తికమకపడితే తప్పు ఆటది. కొత్తమ్మ తడబడిన చోట బాటను వెడల్పు చేశారు. కళ్ళు చికిలించిన చోట అక్షరాలను పెంచారు. ప్రోగ్రామరు వయసులో పెద్దావిడ, అందరికీ అక్క. ఆమె కంప్యూటర్ వంక కన్నా కొత్తమ్మ నుదుటి వంకే ఎక్కువగా చూసేది.

కాని చేతులకు సిగ్గు లేదు, వద్దన్నా నేర్చుకొంటాయి. ఒకనాడు కొత్తమ్మ వేళ్ళు ఆమె అనుమతి అడగకుండానే మొదటి శత్రువును మట్టి కరిపించాయి. దారికి అడ్డుపడే ఆ నడిచే చెట్టుమొద్దుకు కార్యాలయంలో మొద్దురాయుడని పేరు. గాజుకు అవతల సారు ముఖం చిన్నబోవడం ఆమె కంటపడింది. మరుసటి పోరులో ఆమె కావాలని ఓడిపోయింది. ఆయన ముఖం మళ్ళీ విప్పారింది. అబద్ధం ఆ విధంగా మొదలయింది.

తిరిగి కుట్టుమిషను ముందు కూర్చోవడం ఆమెకు నామోషీ కాదు. అయితే ఇక్కడ ఆమె నుదురు చిట్లిస్తే పదిమంది ఆలోచనలో పడతారు. ఇంట్లో చిట్లిస్తే తలనొప్పా అని అడుగుతారు. ఆ తేడాను వదులుకోవడానికి ఆమెకు మనసు రాలేదు.

ఆట ముగించి అచ్చుకు పంపవలసిన రోజు రానే వచ్చింది. ఆ సాయంత్రం డిస్కుల కర్మాగారానికి ఆట ప్రతి అందిందంటే, ఇక దానిలో పూచికపుల్ల కూడా కదపలేరు. అంతకు ముందురోజు, చివరిసారిగా కొత్త మనిషి ఎవరిచేతనైనా ఆడించి చూద్దామని సారు అన్నప్పుడు, మా అత్తగారిని తీసుకువస్తానని కొత్తమ్మ చటుక్కున అన్నది. అత్తగారు ఆ మొద్దును దాటితే తన నటనవల్ల ఎవరికీ హాని జరగనట్టే. అప్పుడు తాను నోరు విప్పనక్కరలేదు. ఇదీ ఆమె లెక్క.

"అత్తయ్యా, ఇవాళ నాతో ఆఫీసుకి రండి" అన్నది ఉదయం.

"నేనెందుకే? తెరలు ఉతకాలా?"

"ఆట ఆడాలి."

"బాగానే ఉంది సంబడం! కోడలికి ఆడుకోడానికి జీతమిస్తారట అని వీధిలో ఇప్పటికే బుగ్గలు నొక్కుకుంటున్నారు. ఇప్పుడు అత్త కూడా తయారైందనాలా?" అన్నారే గాని, ఆ పెద్దావిడ అప్పటికే చెప్పుల కోసం వెతుకుతున్నారు.

గాజుగదిలో అత్తగారు కంట్రోలర్‌ను పసిబిడ్డను అందుకొన్నట్టు రెండు చేతులా అందుకొన్నారు. ఉడతను అడవిలో నడిపించారు. చెట్టుకు గుద్దుకొన్నప్పుడు "అయ్యో నాయనా" అని దానికి క్షమాపణ చెప్పారు. లోపలి మాటలు వెలుపలికి స్పీకరులో వినిపిస్తాయి. అక్క పెదవి కొరుక్కొని నవ్వాపుకొన్నది. మొద్దురాయుడు ఎదురయ్యాడు. వచ్చీ రావడంతోనే ఉడతను ఒక్కటి చరిచి వెనక్కి తగ్గాడు. తెర కింద మూడు మాటలు వెలిగాయి: కొట్టు, కాచుకో, పారిపో.

అత్తగారు ఏమీ నొక్కలేదు.

తెరమీద ఉడత ఊగుతున్నది. మొద్దు ఊగుతున్నది. అత్తగారు కంట్రోలర్ ఒడిలో పెట్టుకొని, బంధువుల ఇంట్లో కూర్చొన్నంత మర్యాదగా కూర్చొన్నారు. కొత్తమ్మ గోళ్ళు ఆమె అరచేతిలోనే దిగబడుతున్నాయి. నొక్కండి అత్తయ్యా, ఏదో ఒకటి నొక్కండి అని ఆమె లోలోపల మొత్తుకొంటున్నది.

"ఊఁ, కానీ నాయనా. నీ పని కానిచ్చుకో" అన్నారు అత్తగారు మొద్దుతో. బటన్ మాత్రం ముట్టుకోలేదు.

డిస్కుల కర్మాగారం నుంచి ఫోను మోగింది. "పంపుతున్నాం, పంపుతున్నాం" అని సారు ఫోను పెట్టేసి గడియారం చూశాడు. "ఇది లెక్కలోకి వద్దు. పెద్దావిడ కదా, కునుకు పట్టినట్టుంది."

"కళ్ళు తెరిచే ఉన్నాయి సార్" అన్నది అక్క.

"అయితే ఆసక్తి లేదు. కొత్తమ్మ ఈ మొద్దు దగ్గర ఎన్నిసార్లు ఆడలేదు? తప్పు బటన్ నొక్కింది, ఓడిపోయింది, ఒప్పుకుంటా. ఇలా చేతులు ముడుచుకుని మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. అవునా కొత్తమ్మా? నువ్వు అవునంటే ఇప్పుడే పంపించేస్తాను."

అందరూ ఆమె వంక చూశారు. ఆయన అడిగినది అక్షరాలా నిజం. అవునంటే చాలు, గండం గడుస్తుంది, కుర్చీ దక్కుతుంది. కాని అత్తగారు ఎందుకు ఆగారో ఆ గుంపులో ఆమెకొక్కతెకే అర్థమయింది. రానట్టు నటించేవాడు ఏదో ఒక తప్పు చేస్తాడు. నిజంగా రానివాడు ఏమీ చేయడు. ఇన్నాళ్ళ నటనలో ఆమె తప్పులన్నీ చేసింది గాని, ఊరక కూర్చోవడమనేది తట్టనే లేదు. తక్కినవారికీ తట్టలేదు. వారందరూ గెంతే ఉడతతో పెరిగినవారు. ఆ ఆటలో క్షణం ఆగితే ప్రాణం పోతుంది. తెర తనకోసం ఎదురుచూస్తుందని ఎరుగని మనిషి ఒకరుంటారని వారి ఊహకు అందలేదు.

"అవును సార్, ఆగలేదు" అన్నది కొత్తమ్మ. "రానివాళ్ళు ఆగుతారు. నేను ఆగలేదంటే, నాకు వచ్చు కాబట్టి."

"అంటే?"

"నాకు ఆట వచ్చు సార్. ఎప్పుడో వచ్చేసింది. మీ ముందు రానట్టు ఆడుతున్నాను."



"మొద్దు దగ్గర ఓడిపోయిందీ?" అన్నది అక్క.

"నటన."

"గుహలో దీపం వెలిగించడం మర్చిపోయిందీ?"

"అదీ నటనే."

"వాగు దగ్గర దారి తప్పి ఏడ్చావు కదే!"

"అది నిజం అక్కా. ఆ వాగు సంగతి నాకిప్పటికీ అంతుపట్టలేదు."

ఎవరూ నవ్వలేదు. సారు ముఖం కందగడ్డ అయింది. "నీ నుదురు చూసి అడవంతా తిరగరాశాం! నీకు భయమేసిందని ఎలుగుబంటిని తీసేశాం! ఎక్కడిదాకా నిజం? ఎక్కణ్ణించి అబద్ధం?"

"ఈ మొద్దుని మొదటిసారి గెలిచిన రోజునుంచి. ఆ రోజు మీ ముఖం చిన్నబోయింది సార్. ఇక నాతో పని లేదనుకున్నారేమోనని భయమేసింది."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి సారు చాలాసేపు దానివంక చూసి ఎత్తాడు. "ఇవాళ కాదండీ. లేదు, రేపు కూడా కాదు. మాటంటే మాటే, తెలుసు. తప్పు మాది." పెట్టేశాక కొత్తమ్మ వంక చూడకుండా అడిగాడు. "ఆవిడ ఎందుకు ఆగారు?"

"వాడి వంతు ఇంకా అయిపోలేదనుకుంటున్నారు. ఎదుటివాడు ముగించకుండా మధ్యలో దూరడం మా అత్తయ్యకి చేతకాదు. తెరమీద మాటలు వెలిగాయిగాని, అవి తనకోసమని ఎవరూ చెప్పలేదు."

"నత్త చెప్తే?" అన్నది అక్క. అప్పటికే ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఉన్నవి.

పోరును మొదటినుంచి నడిపించారు. మొద్దురాయుడు చరిచాడు. మాటలు వెలిగాయి. అత్తగారు మళ్ళీ చేతులు ఒడిలో పెట్టుకొన్నారు. కాసేపటికి ఉడత పక్కనున్న నత్త మెల్లగా మెడ తిప్పి, తెరలోంచి నేరుగా ఆమెవైపు చూసింది. దాని తలమీద ఒక మాట లేచింది: "మీకోసమే ఆగాం. తొందరేమీ లేదు."

"ఓరి నీ! నాకోసమా ఇంతసేపూ?" అత్తగారు గబగబా కంట్రోలర్ ఎత్తుకొన్నారు. "ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా! నేనేమో నువ్వు కానిస్తావని కూర్చున్నాను." కొట్టు అన్న మాట ఎంచుకొని బటన్ అదిమారు. మొద్దు వెనక్కి తూలింది. మరొక దెబ్బకు నేలకూలింది. కళ్ళు తుడుచుకొంటూ అక్క కంప్యూటర్ వైపు తిరిగిపోయింది.

సారు గాజుముందు నిలబడి అంతా చూశాడు. సంతోషం ఆయన ముఖంమీదికి వచ్చింది గాని, కోపం దానికి చోటివ్వలేదు.

"రేపు రా" అన్నాడు కొత్తమ్మతో. "అక్క పక్కన కూర్చుని, ఎక్కడెక్కడ నటించావో ప్రతి చోటూ చూపించాలి. ఒక్కటి కూడా వదలకూడదు. ఆ తర్వాత నీ దారి నీది. ఆ కుర్చీకి నువ్విక పనికిరావు. నీకు ఆట వచ్చేసింది."

"తెలుసు సార్" అన్నది కొత్తమ్మ.

గాజుగది తలుపు తెరుచుకొని బయటికి వస్తున్న అత్తగారి చెవిని పడింది ఆ చివరి మాట ఒక్కటే. ఆవిడ ముఖం చేటంత అయింది. కోడలి భుజంమీద చెయ్యివేసి, మెట్లు దిగేటప్పుడు ఎదురైన కాపలామనిషిని ఆపారు.

"విన్నావా నాయనా? మా కోడలికి ఆట వచ్చేసిందట. మీ పెద్దాయనే స్వయంగా అన్నాడు."

"అవునా అమ్మా" అన్నాడతడు కొత్తమ్మ వంక చూస్తూ.

కొత్తమ్మ అవునని తల ఊపి, అత్తగారిని పట్టుకొని మెట్లు దించింది.