బురుజు దిగిన మనిషి కూతురు

మా ఇంటి ఓనరవ్వ గత సోమవారం పొద్దున పోయింది. నేను ఎల్బీ నగర్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా ఆమె కొడుకు ఫోన్ చేసి, "అమ్మ పోయింది బిడ్డా, జర తొందరగ రా," అన్నాడు.

మన్సూరాబాద్‌లోని ఆ ఇంటి పైవాటాలో మేము కిరాయికి దిగి పన్నెండేళ్లు. వీధిలో ఏ బండైనా గట్టిగా బ్రేకు వేస్తే అవ్వ చటుక్కున లేచి, వాకిట్లో ఆడుకునే పిల్లల్ని లోపలికి లాగేది. తొంభైకి దగ్గరపడినా ఆ అలవాటు పోలేదు.

ఆమెది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. రజాకార్లు ఊరి మీద పడ్డ రోజు ఊరివాళ్లు బురుజెక్కి వడిసెలలతో రాళ్లు విసిరారు. అప్పటికి పదేళ్లున్న అవ్వ గంపతో రాళ్లు మోసింది.

మొదట్లో ఏటా ఆ రోజున ఊరంతా బురుజు కింద కూర్చునేదట. చనిపోయినవాళ్ల పేర్లు తలుచుకుని, చూసింది చెప్పుకుని, కలిసి తిని లేచేవారట. చూసినవాళ్లు ఒక్కొక్కరే కన్నుమూశారు. వాళ్ల పిల్లలు ఎల్బీ నగర్ చుట్టుపక్కల స్థిరపడ్డాక సభ ఫంక్షన్ హాలుకు మారింది, శాలువాలు వచ్చాయి. మనవల కాలానికి డీజే, నిలువెత్తు ఫ్లెక్సీలు. ఆ పోరు మాదంటే మాదని రెండు పార్టీలవాళ్లు గుమ్మంలోనే తోసుకున్నారు కూడా. అవ్వను మాత్రం ఏటా ముందు వరుసలో కూర్చోబెట్టి, ఆఖరిదాకా బురుజు మీద నిలిచిన వీరుడి కూతురని పరిచయం చేసేవారు. ఆమె తల వంచుకునేది. వినయమనుకున్నాను.

మూడేళ్ల కిందట సభకు ఆమెను నేనే ఆటోలో తీసుకెళ్లాను. ఊళ్లో ఆమె తండ్రి విగ్రహం పెడతామని ప్రకటించి, సభ జరిపే కమిటీ కార్యదర్శి మైకు ఆమె చేతికిచ్చాడు.

"మా నాయిన ఆఖరిదాంక నిలవలే," అంది అవ్వ. "తూటాలు మొదలుగాంగనే బురుజు దిగిండు. నన్ను భుజాన ఏసుకొని కందిచేన్లల్ల ఉరికిండు. నిలిచింది మా ఊరి చాకలాయన. ఆడనే పానం ఇడిసిండు. ఆయన మనవరాలు ఎన్క కూసుంది. గామెను ఈడికి పిలువున్రి."

కార్యదర్శి నవ్వు తెచ్చుకుని మైకు కోసం చెయ్యి చాచాడు. "పెద్దమనిషి గదా, యాది తప్పింది," అన్నాడు.

"నాకన్నీ యాదికున్నయ్. నువ్వప్పటికి పుట్టలే."

ఎవరో కుర్చీ తన్నారు. "కన్నతండ్రిని నువ్వే బద్నాం జేస్తవా?" అన్నారు. అవ్వ కొడుకు ముఖం నల్లబడింది. లేచి బయటికి వెళ్లిపోయాడు. వెనక వరుసలో ఆ మనవరాలు, కర్మన్‌ఘాట్‌లో బట్టలు కుట్టే ఆవిడ, సంచీ గట్టిగా పట్టుకుని చాలాసేపు కదల్లేదు. తర్వాత అందరి చూపుల మధ్య నడిచి వచ్చింది. అవ్వ తన శాలువా తీసి ఆమెకు కప్పింది.

ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని ఆటోలో అడిగాను.

"మా నాయిన బతికున్నన్ని దినాలు ఆ సభకు పోలే. ఆ దినం ముద్ద గూడ ముట్టకపోతుండె. ఆయన పోయినంక వీరుని జేసిండ్రు. నాకు గూడ మంచిగనే అనిపిచ్చింది, ఊకున్న. భయపడుడు తప్పు గాదు బిడ్డా. దానికి దండ ఎయ్యనిచ్చుడు తప్పు," అంది.

కమిటీ ఆమెను మళ్లీ పిలవలేదు. కొడుకు నెలల తరబడి ముభావంగా ఉన్నాడు. ఏటా ఆ రోజున కుట్టుపని ఆవిడ మా ఇంటికి వచ్చేది. ఆనాడు చనిపోయినవాళ్ల పేర్లు అవ్వ చెబుతుంటే మెట్ల మీద కూర్చుని రాసుకునేది.

సోమవారం శవం వాకిట్లో ఉండగానే కమిటీవాళ్లు ఫ్లెక్సీ తెచ్చారు. 'వీరుడి బిడ్డకు జోహార్లు' అని రాసి ఉంది. గేటుకు కడుతుంటే చూస్తూ నిలబడ్డాను. కిరాయికున్నదాన్ని, ఏమనగలను? అవ్వ కొడుకు వచ్చి దాన్ని పూర్తిగా చదివాడు. ముడి విప్పాడు.

"మా అమ్మ మైకుల చెప్పింది మీరందరు ఇన్నరు," అన్నాడు. "ఉన్నదున్నట్టు రాసి తేన్రి. లేకుంటే తీస్కపోన్రి."

కార్యదర్శి చుట్టూ చూసి, ఫ్లెక్సీ చుట్టి పట్టుకెళ్లాడు.

శవాల బండి ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆగుతూ కదులుతూ వెళ్లింది. వెనక ఆటోలో ఉన్న నాకు దాని అద్దంలోంచి ఇద్దరు కనిపించారు. కుదుపులకు పాడె జరగకుండా ఒకవైపు కొడుకు, ఒకవైపు ఆ కుట్టుపని ఆవిడ, వంగి రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.