ఎక్కిళ్ల మామ్మ

పోయిన నెల మా ఆవిడ చనిపోయింది. ఆమె నవల చదివినవాళ్ల ఉత్తరాలు ఇంకా ఆమె పేరుకే వస్తున్నాయి. అందులోని ఎక్కిళ్ల మామ్మ మళ్లీ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. జవాబు రాయాల్సింది ఇక నేనే కాబట్టి ఈ నాలుగు మాటలు.

ఆమె గుడివాడలో హైస్కూలు టీచరు. మా ఇల్లు బందరులో. రోజూ ప్యాసింజరు రైల్లో వెళ్లివచ్చేది. నవలంతా ఆ రైల్లోనే, ఒళ్లో బ్యాగు పెట్టుకుని, పాత పరీక్ష పేపర్ల వెనక రాసింది. శుభ్రంగా తిరగరాసే పని నాది. అక్షరాలు వంకరపోయిన చోట ఇదేమిటని అడిగితే, "అక్కడ రైలు పెడన స్టేషను దాటిందిలెండి" అనేది.

జనాన్ని కాపాడే వీరుల కథ అది. వాళ్లలో ఒక్కరూ ఎగరలేరు. ఒక దర్జీ టేపు పెట్టి కొలిస్తే పెద్దమనుషుల గొప్పతనం ఎన్ని అంగుళాలో బయటపడుతుంది. ఒక బస్సు కండక్టరు నాయకుల వాగ్దానాలు ఒక్కటీ మరిచిపోడు, మరిచిపోయేది మనకివ్వాల్సిన చిల్లర మాత్రమే. అందరికీ పెద్ద ఎక్కిళ్ల మామ్మ. మోకాళ్ల నొప్పులు, చేతికర్ర. ఆమె ఎదుట అబద్ధమాడినవాడికి ఎక్కిళ్లు పట్టుకుంటాయి. నిజం చెప్పేదాకా వదలవు.

"వీళ్లేం వీరులు?" అన్నాను.

"మన జిల్లాకి వీళ్లు చాల్లెండి" అంది.

ఒక వారపత్రిక సీరియల్‌గా వేసుకుంది. ఏడో భాగం తిరగరాస్తుంటే నా కలం ఆగింది. మామ్మ దివిసీమలో ఒక ఊరికి వెళ్తుంది. కుళాయి ఉంది, నీళ్లు లేవు. "రోజూ మంచినీళ్లిస్తున్నాం" అంటాడు ఆఫీసరు సభలో. వెంటనే ఎక్కిళ్లు. మైకులో ఊరంతటికీ వినపడతాయి.

నేను నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాని. ఆ ఊరికి నీళ్లందుతున్నాయని రిపోర్టు టైపు చేసింది నేనే. అందడం లేదని ఇంట్లో చెప్పిందీ నేనే.

"ఇది తీసెయ్. నా ఉద్యోగం పోతుంది."

ఆమె కోప్పడలేదు. "తీసేస్తానండీ. నా ఎదురుగా నిలబడి, ఆ ఊళ్లో నీళ్లొస్తున్నాయని ఒక్కసారి చెప్పండి."

నోరు తెరిచాను. ఎక్కిళ్లు రాలేదు. మాటా రాలేదు. కూర్చుని మిగతా పేజీలు తిరగరాశాను.

పత్రిక వచ్చిన వారం మా ఆఫీసరు నన్ను పిలిచాడు. "ఏమయ్యా, మీ ఆవిడ రాసింది మన గురించేనా?"

"మన గురించేనండీ."

నా సర్వీసంతటికీ గర్వంగా చెప్పుకోగలిగిన మాట అదొక్కటే.

నెల తిరక్కుండా నన్ను అవనిగడ్డకు బదిలీ చేశారు. ఆమెకు చెప్పడానికి భయపడ్డాను. ఆమె నవ్వింది. "దివిసీమకేగా! ముందు వెళ్లి ఆ కుళాయి తిప్పిరండి."

తిప్పాను. గాలి వచ్చింది. ఉన్నదున్నట్టు రాసి పైకి పంపాను. పంపుతూనే ఉన్నాను. రెండేళ్లకు నీళ్లొచ్చాయి. ఎవరివల్లో నేను చెప్పలేను. నవల చదవనివాళ్లు కూడా ఆ ఊళ్లో దాన్ని మామ్మ కుళాయి అంటారు.

చివరి రోజుల్లో డాక్టరు, "తగ్గిపోతుందమ్మా" అన్నాడు. ఆమె అతన్ని జాలిగా చూసి, "ఎక్కిళ్లొస్తాయి బాబూ, జాగ్రత్త" అంది. అతను నవల చదవలేదు. నేనొక్కడినే నవ్వాను.

ఇప్పుడు పరామర్శకు వచ్చినవాళ్లు ఎలా ఉన్నారని అడుగుతారు. బాగానే ఉన్నానంటాను. నిన్న ఆ మాట అనగానే నాకు ఎక్కిళ్లు మొదలయ్యాయి. మా అమ్మాయి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. "ఎవరో తలుచుకుంటున్నారు నాన్నా, తాగు."

గ్లాసు చేత్తో పట్టుకుని, తాగకుండా చాలాసేపు కూర్చున్నాను. తాగితే తగ్గిపోతాయని.