రూతు మెడలో బిళ్ల

రాజంపేట దాటాక మా లారీ ఆగిపోయింది. ముందు రోడ్డు లేదు, వరద కోసేసింది. సన్నగా వాన. మోకాలి దాకా బురద. వరద సాయానికి వచ్చిన ఆ ఆర్మీ దళంలో నేను నర్సింగ్ అసిస్టెంటును. మాది వేంపల్లె. సర్వీసు మొత్తంలో సొంత సీమలో డ్యూటీ పడింది ఆ ఒక్కసారే. ఆర్డరు చిన్నది: పడవలో ఏరు దాటి, అవతల చర్చిలో తలదాచుకున్నవాళ్లకు వైద్యం చేయాలి.

చర్చిలో సువార్తమ్మ అనే ముసలామె నా చెయ్యి పట్టుకుంది. ఒళ్లో మనవరాలు రూతు, నాలుగేళ్లది. తల్లిదండ్రులు ఎర్రగుంట్లలో పనికి పోయి అక్కడే చిక్కుకున్నారు.

"పన్ను పుచ్చింది నాయనా. మెడలో బిళ్ల కడితే పసుపు పట్టేసినా. ఇంకా పెద్దదైతాండాది."

దవడ కింద నిమ్మకాయంత వాపు. ఎర్రగా, నిగనిగలాడుతోంది. వేలు పెడితే లోపల మెత్తగా కదిలింది. చీము పట్టింది. ఒళ్లు కాలిపోతోంది. ఉమ్మి మింగలేక చొంగ కారుస్తోంది.

"కోసెయ్ నాయనా, చీము పోతే తగ్గుతాది."

నా పెట్టెలో బ్లేడు ఉంది. రేడియో ఆపరేటరు సెట్టు అందించాడు. వాపు సంగతి చెప్పాను. లారీ ఆగిన గట్టు నుంచి మా డాక్టరు గొంతు.

"ఊపిరిలో శబ్దం ఉందా? ఓవర్."

"ఇంకా లేదు సార్. మింగలేకపోతోంది. ఓవర్."

"కోయొద్దు. ఆ పక్కనే పెద్ద రక్తనాళాలుంటాయి. యాంటీబయాటిక్ ఇచ్చి తీసుకురా. పడుకోబెట్టొద్దు."

ఇంజెక్షన్ ఇచ్చాను. పడవ నడిపే జవాను ఏటివైపు చూశాడు. "నీళ్లు పెరుగుతున్నాయి. పోతే ఇప్పుడే పోవాలి."

రూతును ఒళ్లో కూర్చోబెట్టుకుని సువార్తమ్మ పడవెక్కింది. నడి ఏట్లో అరటిచెట్టొకటి కొట్టుకొచ్చి మోటారుకు చుట్టుకుంది. ఇంజను ఆగింది. పడవ అడ్డం తిరిగింది. అప్పుడే రూతు ఊపిరి గురగురమంది.

"ఊపిరాడతాందా నాయనా?"

"ఆడతాందవ్వా. నిటారుగా పట్టుకో, తల వాలనీకు."

ధైర్యమైతే చెప్పాను. కానీ ఆ గొంతు మూసుకుపోతే నడి ఏట్లో నేను చేయగలిగింది ఏమీ లేదు. జవాను నీళ్లలోకి వంగి, అరటి నారను కత్తితో కోసి లాగాడు. రెండుసార్లు తాడు గుంజినా ఇంజను పలకలేదు. మూడోసారికి అంటుకుంది.

గట్టున అంబులెన్సు సిద్ధంగా ఉంది. కడప పెద్దాసుపత్రిలో మత్తిచ్చి, బిళ్ల కోసి చీము తీశారు.

యూనిట్‌కు తిరిగి వెళ్లే రోజు వార్డుకు పోయాను. రూతు మెడకు కట్టు. మంచం మీద కూర్చుని గ్లాసుతో నీళ్లు తాగుతోంది. సువార్తమ్మ నన్ను చూడలేదు. పిల్ల గొంతునే చూస్తోంది. రూతు మింగిన ప్రతి గుక్కకూ, ఆ ముసలామె గొంతు కూడా కదులుతోంది.