సీసాడు చెరువు నీళ్ళు

ఇంజనీరింగ్ మూడో ఏడు వేసవిలో బెంగుళూరులో నాకు రెండు నెలల రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చింది. రొయ్యల చెరువుల్లో పెరిగే నాచు మీద పని. అల్లవరంలో మాకూ చెరువుందని తెలిసి, గైడుగారు ఓ సీసాడు నీళ్ళు తెమ్మన్నారు. బయల్దేరే రోజు నాన్నగారే నింపి, గుడ్డలో చుట్టి ఇచ్చారు.

ల్యాబ్‌లో విప్పి చూస్తే నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నాచు జాడే లేదు. ఒళ్ళు మండి ఇంటికి ఫోన్ చేశాను.

"పటికేసి తేర్చి, పైపంచెలో వడకట్టేనమ్మా. అంత పెద్దాయనకి మురికినీళ్ళు పంపిస్తామేంటి?" అన్నారు నాన్నగారు.

ఆ మురికే కావాలని అరిచినంత పని చేశాను.

వారం తిరక్కుండా పార్సిల్లో ఇంకో సీసా వచ్చింది. ఈసారి నీళ్ళు పచ్చగా, చెరువులో ఉన్నట్టే ఉన్నాయి. సీసాకి అంటించిన కాగితం మీద నాన్నగారి దస్తూరీ: "అయ్యా, మురికికి క్షమించాలి."

ఆ కాగితం పీకకుండానే సీసాని గైడుగారి బల్ల మీద పెట్టాను.