తాత బిగించబోయిన ముడి

ట్రంకుపెట్టె మూత ఎత్తితే ఇప్పటికీ మా తాత నల్ల కంబళి గొర్రెల వాసనే కొడుతుంది. తొలి చినుకులకు తడిసిన మంద, పాలు పొంగిన కుంపటి, వేపాకు పొగ అన్నీ అందులోనే ఉన్నాయి. దాని రెండు మూలల్లో మేకుల చిల్లులున్నాయి. పట్నంలో ఏటేటా జరిగే ఆసియా సినిమాల పండుగ చరిత్ర అంటూ ఈమధ్య అచ్చేసిన పుస్తకం చదివాక, ఆ చిల్లుల సంగతి రాయక తప్పదనిపించింది.

ఇప్పుడంటే ఆ పండుగ పెద్ద పెద్ద మాల్స్ దాటి బయటికి రాదు గానీ, తొలి ఏళ్లలో ఒక్కో సినిమాను పల్లెలకూ తెచ్చేవాళ్లు. మా ఊరు నాగలమడికకు వాళ్లు వచ్చింది శనక్కాయలు పీకే కాలంలో, ఏ వీధిలోకి పోయినా పచ్చికాయలు ఉడుకుతున్న వాసన కమ్ముకునే రోజుల్లో. ఆట పగటిపూట. ఊరి గోడౌన్‌లో చీకటి చెయ్యడానికి తాత తన కంబళితోబాటు తోటి గొర్రెల కాపరుల కంబళ్లన్నీ అడిగి తెచ్చి కిటికీలకు మేకులు కొట్టించాడు. మేం గోతాల మీద కూర్చుని, ఉడికిన కాయలు ఒలుచుకుంటూ, ఏదో మంచుకొండల దేశపు కాపరిని, ముక్క అర్థం కాని భాషలో చూశాం.

ఆ సినిమాలో ఒక గొర్రెకు పిల్ల చచ్చిపోతుంది. తల్లిలేని మరో పిల్లను అది దగ్గరికి రానివ్వదు. అప్పుడా కాపరి చచ్చినదాని తోలు ఒలిచి బతికున్న పిల్ల వీపుకు కడతాడు, ఆ వాసనకు తల్లి గొర్రె తన బిడ్డే అనుకుని పాలు ఇస్తుందని. మా మందలో తాత చేసే పనే అది. ఆ ముడి నాకూ నేర్పించాడు.

"ముడి వదులుగా ఉండాది. తోలు జారిపోతే తల్లి తన్నేస్తాది," అంటూ తాత లేచాడు.

"కూచో మామా, నీ చెయ్యి ఆ దేశానికి అందదులే!" అన్నాడు పక్కింటి ఓబుళప్ప. అందరూ నవ్వారు.

"అది బొమ్మేనని నాకు తెలీదేందిరా!" అంటూనే తాత చేతులు చాచి ముందుకు పోయాడు. చెయ్యి తగిలి తెర ఊడి ఆయన మీదే పడింది.

పుస్తకంలో ఇదంతా ఒక్క వాక్యం: సినిమాను నిజమనుకున్న ఒక అమాయకుడు తెర చించేశాడట! పావగడ టెంటు హాల్లో ఎన్ని సినిమాలు చూశాడు మా తాత! ఆకలితో అరిచే పిల్ల కనబడితే ఆయన చేతులు ఆయన మాట వినవు, అంతే. ఆ సంగతి తెలియనివాళ్లకు ఆ సినిమా మాత్రం ఏం అర్థమైనట్టు?

బడి ముఖం చూడకపోయినా, అంగడి బోర్డులు చూసి నేర్చుకున్న అక్షరాలతోనే పుస్తకం వేసినవాళ్లకు ఉత్తరం రాశాను. ఆధారం పంపితే సరిచేస్తామని మర్యాదగా జవాబిచ్చారు. ఓబుళప్ప పోయాడు, గోడౌన్ కూలింది. మా మంద మేసిన పక్క ఊరు రాయచెర్లు బీళ్ల నిండా సోలార్ పలకలు. పట్నంలో ఆ పండుగ తెర వెలిగేది ఈ కరెంటుతోనేనేమో.

ఇక మిగిలిన సాక్ష్యం, ఆ ఆటకు తాతే చీకటి చేశాడని చెప్పే ఈ మేకుల చిల్లుల కంబళి ఒక్కటే. నిన్న దాన్ని చుట్టి, పంపుదామని తాడు తీసుకుని, తాత నేర్పిన ముడి వేశాను. నాలుగుసార్లు వేసినా వదులుగానే వచ్చింది.