హెడ్డుగారిని హంతకుణ్ణి చేశాక

ఆ రచయిత ఎప్పుడైనా ఎదురుపడితే చెడామడా తిట్టిపొయ్యాలని నాకు ఇప్పటికీ ఉంది. పన్నెండు పుస్తకాలు రాశాడు. అన్నిట్లోనూ ఒకే ఇన్‌స్పెక్టరు, ఆయన పక్కన ఒకే హెడ్ కానిస్టేబులు. పదకొండు పుస్తకాలు మొగుడూ పెళ్ళాం పోటీలు పడి చదివాం. పన్నెండోది మా కొంప ముంచింది.

మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తాగా చేశారు. బస్తాలో చెయ్యి పెట్టి కాయ తీసి, చెవి దగ్గర విరిచి, ఆ చప్పుణ్ణి బట్టి తేమ ఎంతుందో చెప్పేసేవారు. హత్య కథల్నీ అలాగే చదివేవారు. పదో పేజీకల్లా "వీడేనే" అనేవారు. సగం సార్లు తప్పేది. ఒప్పుకుంటేగా! రాసినాయనదే పొరపాటనేవారు. ఆ కథలన్నీ మా వైపే జరిగేవి. పత్తి చేలు, మిరప కల్లాలు, వినుకొండ బస్సులు. రాసేది మనవాడేనని ఆయనకు మహా గర్వం.

అన్నిటికన్నా ఆ హెడ్డంటే ప్రాణం. మోకాళ్ళ నొప్పులు, నోటినిండా వెటకారం, క్యారేజీలో గోంగూర పచ్చడి. ఎవరింట్లో చావు జరిగినా ముందు ఆ తల్లి పక్కన చతికిలబడేది ఆయనే. పదకొండో పుస్తకం చివర రిటైర్మెంటు కాగితాలు పెట్టాడు. "పాపం, ఇంటికెళ్ళి ఏం చేస్తాడో ఏమో" అనేవారు మా ఆయన, అప్పుడే కొట్టు మానేసిన తన సంగతే మాట్లాడుతున్నట్టు.

పన్నెండోది వచ్చేసరికి ఆయన మంచం పట్టారు. ఊపిరితిత్తుల్లో గడ్డ. ఇక వారాలేనని డాక్టరు నా ఒక్కదానితోనే చెప్పాడు. నల్లపాడులో మా ఇంటికొచ్చాక రిపోర్టు ముందు పెట్టుకుని, "చిన్న మచ్చేనటండీ, తగ్గుతోందట, త్వరలో లేచి తిరుగుతారట" అని చదివేశాను. ఆయన కళ్ళు అప్పటికే మసకలు. నమ్మారు. నమ్మి, రోజూ రెండు ముద్దలు ఎక్కువ తినేవారు. ఆ నమ్మకం చెదరకుండా చూసుకోవడం కంటే నాకు ఆ రోజుల్లో ముఖ్యమైంది ఇంకేదీ లేదు.

రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక పుస్తకం పైకి చదివేదాన్ని. చివరి పేజీలు ముందే చూసే పాడు అలవాటు ఒకటి ఉంది నాకు. ఒకరోజు ఆయన కునుకు తీస్తుంటే చూశాను. హంతకుడు హెడ్డట! మొదటి పుస్తకంలో పత్తి చేలో ఒక కూలిపిల్ల చచ్చిపడుంది, ఎవరు చంపారో అప్పుడు తేలనేలేదు. ఆ పిల్లను చంపింది ఆయనేనట. ఆ పిల్ల తల్లిని పట్టుకుని ఏడ్చిన మనిషి! ఎందుకయ్యా చంపాడు అంటే సరైన కారణం కూడా లేదు. చదివేవాళ్ళు అదిరిపడాలి, అంతే. పదకొండు పుస్తకాల మంచితనాన్ని నాలుగు పేజీల్లో తగలేశాడు. ముందు ఒళ్ళు మండిపోయింది, తర్వాత ఏడుపొచ్చింది. ఈ స్థితిలో ఉన్న మనిషికి ఇది ఎలా వినిపించను?

వినిపించకూడదనుకున్నాను. మర్నాడు పుస్తకం తెరిచి పట్టుకుని, లేని కథ అల్లడం మొదలుపెట్టాను. కోల్డ్ స్టోరేజీ యజమానిని హంతకుణ్ణి చేశాను. దీపావళి నాడు, కల్లంలో ఆరబోసిన మిరపకాయల మధ్య, హెడ్డు వాడి కాలరు పట్టుకున్నాడని బాగా రక్తి కట్టించాననుకున్నాను.

"ఆగాగు" అన్నారు మా ఆయన. "దీపావళికి కల్లంలో కాయలెక్కడియ్యే?"

నేను గతుక్కుమన్నాను.

"అప్పటికింకా చెట్టు పూత మీద ఉంటది. తొలి కోతకే రెణ్ణెల్లు పట్టుద్ది. చీరాల మగ్గాలింటి పిల్లవనిపించుకున్నావ్! ముప్పై ఏళ్ళు కాపరం చేసి కాయ సంగతి తెలుసుకోలేదు." నవ్వుతూనే అన్నారు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "ఆయన ఇట్టా రాయడు. ఇది నువ్వు అల్లావ్. ఉన్నది చదువు."

బతిమాలాను. వినలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను.

"హెడ్డు అట్టాంటోడు కాదే" అన్నారు అయిపోయాక, ఫ్యాను కేసి చూస్తూ.

"కాదండీ. ఆ రాసినోడికి బుద్ధి లేదు."

"మరి నువ్వెందుకు మార్చావ్?"

"మీరు తట్టుకోలేరని."

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. ఆయన మెల్లగా నా వైపు ఒత్తిగిలారు. మొహంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"రిపోర్టు కూడా ఇట్టానే చదివావా?"

ఏదో ఒకటి అల్లాలని నోరు తెరిచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఎన్నాళ్ళన్నాడు?" అని అడిగారు. చెప్పాను.

ఆ తర్వాత పదహారు రోజులున్నారు. ఇంకే పుస్తకమూ చదవమనలేదు. ఆ హెడ్డుగారు మర్యాదగా రిటైరై ఇంటికెళ్ళి ఉంటే, మా ఆయన తనకు నయమవుతోందనుకుంటూనే పోయేవారు.