తొమ్మిది రంగులు, ఒక్క జవాబు

నిన్న ఉదయం దగ్గుకి కరక్కాయ పొడి తేనెలో రంగరిస్తుంటే బట్టకు రంగు పట్టేందుకూ వాడే దాని వగరు వాసన తగిలి, పెడనలోని కలంకారీ అద్దకం షెడ్డూ, రంగు కాగు ముందు పీట మీద కూర్చున్న నాంచారయ్య గారూ కళ్ల ముందుకొచ్చారు. ఆయన విషయంలో నేను చేసిన తప్పు ఎప్పుడు మొదలైందో నాకు బాగా గుర్తుంది. 2004 ఆగస్టు 11, బుధవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు.

నేను ఆ అద్దకం సొసైటీలో 1991లో గుమాస్తాగా చేరాను. రోజూ బందరు నుంచి బస్సులో వెళ్లేదాన్ని. రంగు రిజిస్టర్లో పటిక గడిలో నాకు ముందు పనిచేసినాయన ఏళ్ల తరబడి ‘తగినంత’ అని రాసిపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. ఎన్ని గ్రాములని అడిగితే, నాంచారయ్య గారు కాలువ నీళ్లు పుక్కిట పట్టి ఉమ్మేసి, ఇవాళ్టికి ఇంత అని గుప్పెడు పటిక చూపించారు. రేపటికెంత అన్నాను.

“రేపు కాలవని అడిగి చెప్తానండి.”

నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. సరుకు ఇంటికి తరలిస్తున్నారేమోనని కూడా అనుమానించాను. ముప్పై ఒక్క రోజులపాటు ఆయన తీసి పెట్టిన పటికను చాటుగా తూచాను. 140 గ్రాముల నుంచి 210 దాకా మారింది. బట్ట మీద ఎరుపు మాత్రం ఒక్క రోజు కూడా మారలేదు. నా తక్కెడ సంగతి ఆయనకు మొదటి రోజే తెలుసట. నెల నిండాక, “తూకం బాగుందమ్మా. పటికతోపాటు నీళ్లు కూడా చూసుంటే లెక్క తేలేది,” అన్నారు. కొత్త నీరు వదిలినప్పుడు ఒక లెక్క, కాలువ అడుగంటి ఉప్పదనం తిరిగినప్పుడు మరో లెక్క. అంకెను ఒంటరిగా చూడకూడదని నాకు నేర్పింది ఆయనే. నేర్చుకున్నాననే అనుకున్నాను.

ఆ షెడ్డులో తొమ్మిది ఇళ్లవాళ్లు రంగులు కాచేవారు. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. దాని పాళ్లు పెళ్లయి వెళ్లిపోకుండా ఇంట్లో ఉండిపోయే మనిషికి తప్ప బయటివాళ్లకు చెప్పరు. వాళ్లకు తెలిసినదంతా కంప్యూటర్లోకి ఎక్కించి భద్రపరచాలని 2004లో ఒక పథకం వచ్చింది. దాన్ని మొదలుపెట్టే ముందు అది నెగ్గుతుందో లేదో అంచనా కట్టడానికి ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ వచ్చాడు. అతనిది ఫజీ పద్ధతి. అవును, కాదు అని తెగేసి చెప్పనక్కర్లేదు. చాలా తక్కువ, తక్కువ, ఒక మాదిరి, ఎక్కువ, చాలా ఎక్కువ అనే ఐదు మాటల్లో ఒకటి చెబితే చాలు. ఒక్కో మాటకు కింది హద్దు, నడిమి, పై హద్దు అని మూడేసి అంకెలు వేసి, అన్నిటినీ కలిపి, చివరికి సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకె తేలుస్తాడు. అది ఒకటికి దగ్గరైతే పథకం నెగ్గుతుంది.

మాటను మూడంకెలు చేస్తానన్నవాణ్ని నేనెలా నమ్ముతాను? ప్రతి లెక్కా నా చేత్తో మళ్లీ చేస్తానని పట్టుబట్టాను. ఆ బుధవారం పని ఆగకూడదని తొమ్మిదిమందినీ కాగు చుట్టూ ఒకేచోట కూర్చోబెట్టింది కూడా నేనే. నీకు తెలిసింది ఇతరులకు చెప్పడానికి ఎంత ఇష్టం? ముందుగా పెద్దవారైన నాంచారయ్య గారిని అతని చేత అడిగించాను. చాలా ఎక్కువ అన్నారు. తర్వాత ఎనిమిదిమందీ అదే అన్నారు. డబ్బు, కరెంటు లాంటి మిగతా ప్రశ్నల జవాబులు కూడా కలిపితే మొత్తం మీద 0.78 వచ్చింది. రెండుసార్లు చేసి చూశాను, ఎక్కడా తప్పు లేదు. కింద సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం ఆఫీసుకు తాళం వేస్తుంటే ఆయన వచ్చి నిలబడ్డారు.

“పొద్దుటి కాగితాలు చింపెయ్యండమ్మా.”

“ఎందుకండీ? లెక్క సరిగ్గానే ఉంది.”

“లెక్క తప్పని నేనన్నానా? అబద్ధం మొదలెట్టింది నేను. నా అసలు జవాబు చాలా తక్కువ. ఊరుగాని ఊరునుంచి వచ్చినాయన అడుగుతుంటే చెప్పనని ఎలా అంటాను? నేనలా అన్నాక నా ముందు కాదనేదెవరు? మీకు తొమ్మిది జవాబులు రాలేదమ్మా. ఒక్కటే తొమ్మిదిసార్లు వచ్చింది.”

శనివారం తాను గుడివాడ కంటి ఆస్పత్రికి వెళ్తున్నానని, ఆ రోజు ఒక్కొక్కరినీ ఇంటికి వెళ్లి అడగమని చెప్పారు. నిజం తేలితే కంప్యూటర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఒక ఇంటివాళ్లకు మరో ఇంటి మనిషిని తోడిచ్చి కాగు దగ్గర కూర్చోబెట్టమని సొసైటీ కమిటీకి రాయండి, మొదట నేనే నేర్పుతాను అన్నారు.

శనివారం ఎనిమిది గడపలూ ఎక్కాను. పసుపు రంగు కాచే ఆవిడ నవ్వేసింది. “ఆయనెదురుగా చెప్పనంటే ఏం బావుంటుందండీ?” ఆరుగురు చాలా తక్కువ అన్నారు, ఇద్దరు తక్కువ. నాంచారయ్య గారి అసలు జవాబు కలిపి మళ్లీ లెక్కేస్తే 0.34 వచ్చింది. ఆ పద్ధతి తప్పేమీ లేదు, నిజం చెబితే నిజమే తేల్చింది.

సోమవారం ఉదయం రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకున్నాను. పదమూడేళ్లలో నా సంతకం ఉన్న లెక్క తప్పని ఎవరూ అనలేదు. 0.78 కాగితాన్నే కమిటీకి పంపాను. మధ్యాహ్నం ఎంత వచ్చిందని ఆయన అడిగారు.

“ముందు వచ్చిందే వచ్చిందండి.”

ఆయన నా మొహంలోకి చూసి, అలాగా అని కాగు వైపు తిరిగారు. ఒకప్పుడు నేను ఆయన గుప్పెటను అనుమానించినట్టే, ఆ రోజు నుంచి ఆయన నా అంకెలను అనుమానించారు. ఆయన అనుమానమే న్యాయమైనది.

కంప్యూటర్ వచ్చింది. అందరూ ఏదో ఒకటి చెప్పారు, అన్నీ ఎక్కించారు. ఇక దాంట్లో ఉందిగా అని కాగు దగ్గర కొత్తవాళ్లను కూర్చోబెట్టడం మానేశారు. నాంచారయ్య గారు మాత్రం తన రంగును దాపరికం లేకుండా చెప్పారు, ఏ నీటికి ఎంత పటికో కూడా. మొదటి అబద్ధం తనది కాబట్టి దిద్దుకోవాల్సిందీ తానేనన్నారు. పసుపావిడ ఆయన్ను చూసి తనదీ చెప్పింది. 2007 వానాకాలంలో ఆయన పోయారు. తర్వాత ఏడాదిన్నరలో ముగ్గురు ముసలివాళ్లు కన్నుమూశారు. నాలుగు ఇళ్లవాళ్లు అద్దకం మాని కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల పనికి వెళ్లిపోయారు. ఆ పాళ్లు తెలిసిన పెద్దవాళ్లు అక్కడే ఒక్కొక్కరుగా పోయారు.

ఇప్పుడు ఎవరు ఏ అంకె చెప్పినా, కూడిక చూసే ముందు ఈ మాట ఎవరి ఎదుట చెప్పించారని అడుగుతాను. చాదస్తం అంటారు. కానివ్వండి.

2009 మార్చిలో కంప్యూటర్లోని పాళ్లతో అన్ని రంగులూ కాచి చూశాం. ఎక్కించినవి తొమ్మిది. బట్ట మీద నిలిచినవి రెండు: నాంచారయ్య గారి ఎరుపు, పసుపావిడ పసుపు. పోయినవి: ముదురు ఎరుపులు రెండు, ఇటుక రంగులు రెండు, నలుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి, గోధుమ రంగు ఒకటి. మొత్తం ఏడు.